పాత గేరు రాదు

"అంటే నేను అబద్ధం చెబుతున్నానంటారు. అంతేగా?"

"నేనలా అన్నానా? ఒప్పుకోమన్నాను. ఒప్పుకుంటే ఏం పోతుంది?"

"చెయ్యనిది ఒప్పుకుంటే ఏం పోతుందో మీకు తెలీదు. మీకెప్పుడూ ఆ అవసరం రాలేదు."

కోడలు మొగుడితో ఆ మాట అని చేతిలో గిన్నెను సింకులో పెట్టింది. చప్పుడు కాలేదు. విసిరికొట్టినా బాగుండేదనిపించింది హాల్లో కూర్చున్న మామగారికి, రిటైరైన బస్సు డ్రైవరుకి.

గేటు స్తంభానికి బండి రంగు అంటుకుని కనిపించింది బుధవారం సాయంత్రం. ఇవాళ ఆదివారం. నాలుగు రోజులుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఇదే మాట, లేకపోతే అసలు మాటే లేదు.

కొడుకు వాదన సూటిగానే ఉంది. ఇంట్లో బండి తాళం ముట్టుకునేది ముగ్గురు. బుధవారం పొద్దున భార్యకి డ్రైవింగు నేర్పుతూ పాలబూత్ దాకా వెళ్ళొచ్చాడు. వీధి మలుపులో తను దిగి అట్టపెట్టెల ఫ్యాక్టరీ బస్సెక్కాడు. బండిని గేట్లోంచి లోపలికి పెట్టింది ఆమె ఒక్కతే. వెనక ఎడమ చక్రం పైన రేకు నొక్కుకుపోయింది. ఇక మూడో మనిషి తన తండ్రి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి, బస్సు మీద గీత పడనివ్వని మనిషి. మరి గుద్దిందెవరు?

గుద్దింది తండ్రే.

బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. కొండ ప్రయాణానికి ముందు చెయ్యి ఒకసారి సరిచూసుకుందామని బండి వెనక్కి తీశాడు. స్తంభం కనిపించలేదు. చప్పుడు వినిపించింది. బండిని మళ్ళీ లోపల పెట్టి, అద్దాలెక్కించి, తాళం కొక్కేనికి తగిలించి, పేపరు ముందేసుకుని కూర్చున్నాడు. పేపర్లోనూ పెద్ద అక్షరాలే కనిపించాయి.

సాయంత్రం కొడుకు కోడలి మీద గొంతు లేపినప్పుడు చెప్పేయొచ్చు. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుని ఊరుకుంటాడు. ఈయన ఊరుకోను కూడా లేదు, ఓదార్చాడు.

"పోనీలేరా. కొత్తలో అందరికీ జరిగేదే. కోడల్ని ఏమీ అనకు."

చెయ్యని తప్పుకి ఆమెను క్షమించాడు. కోడలు అప్పుడు తలెత్తి ఆయన వైపు చూసింది. ఎలా చూసిందో ఆయనకు తెలియదు. ఆ దూరంలో మొహం ఉందని తెలుస్తుంది కానీ, మొహంలో ఏముందో తెలియదు.

పదింటికి స్నేహితులు దిగారు. ముందు మెకానిక్కు గొంతు వచ్చింది, తర్వాత మెకానిక్కు వచ్చాడు, వెనకే ఆయన భార్య. అందరూ లోపలికి వచ్చాక కండక్టరు వచ్చి తలుపు వేశాడు. ఎక్కడికి వెళ్ళినా అందరూ ఎక్కాకే ఎక్కడం ఆయనకు అలవాటు. రిటైరై ఐదేళ్ళయినా పోలేదు.

శుక్రవారం తెల్లవారగట్ల బయలుదేరి కొండ మీది చెక్క ఇంటికి వెళ్ళాలి. మూడు రోజులు. ముగ్గురూ ఒకే డిపోలో పనిచేసినన్నాళ్ళూ అనుకుంటూ వచ్చిన ప్రయాణం. అప్పుడు ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి డ్యూటీ పడేది. ఇప్పుడు అందరికీ సెలవే. సాకులు అయిపోయాయి.

"రాసుకోండి," అన్నాడు మెకానిక్కు. "దుప్పట్లు పది. గ్యాసు పొయ్యి ఒకటి. లాగే తాడు ఒకటి."

"తాడెందుకు? ఎవరిని కట్టడానికి?" అంది ఆయన భార్య. "అక్కడ వేడినీళ్ళు ఉంటాయా లేదా, అది చెప్పండి ముందు."

"కట్టెలుంటాయి, నువ్వుంటావు. వేడినీళ్ళు వాటంతటవే ఉంటాయి."

"మీరూ ఉంటారుగా. కట్టెలు చాలకపోతే చూస్తాను."

అందరూ నవ్వారు. కొడుకు కూడా నవ్వుతూ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఖాళీ అట్టపెట్టెల్ని మడత విప్పి నిలబెడుతున్నాడు. కోడలు వంటింట్లోంచి రాలేదు.

కండక్టరు చంకలోంచి అట్ట తీశాడు. దాని మీద బండి బొమ్మ, గళ్ళు, గళ్ళలో మనుషులు. ఎవరెక్కడ కూర్చోవాలో వారం నుంచి గీసి చెరిపి గీస్తున్నాడు.

"డ్రైవరు సీటు గురించి చర్చ లేదు. పక్కన నేను. మధ్య సీట్లో మెకానిక్కు దంపతులు, వాళ్ళు పోట్లాడుకుంటే మధ్యలో దుప్పట్ల మూట. వెనక సీట్లో అబ్బాయి. వాడి పక్కన స్టెప్నీ. స్టెప్నీ పక్కన కోడలుపిల్ల."

"అంత వెనకా?" అంది మెకానిక్కు భార్య.

"స్టీరింగుకి ఎంత దూరమైతే అంత క్షేమం కదమ్మా. దారి పొడుగునా స్తంభాలే."

అందరికంటే గట్టిగా నవ్వింది కొడుకు. డ్రైవరూ నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వాడు. నవ్వు ఆగకముందే కోడలు టీ పళ్ళెంతో గుమ్మంలో ఉంది.

ఎవరి కప్పు వాళ్ళ ముందు బల్ల మీద పెట్టింది. మామగారి కప్పు మాత్రం బల్ల మీద పెట్టలేదు. చేతికిచ్చి, వేళ్ళు పిడిని పట్టుకున్నాయని చూసుకుని వదిలింది.

ఎన్నాళ్ళ నుంచి ఇలా ఇస్తోంది? డ్రైవరు గుర్తు చేసుకున్నాడు. నెల పైనే. ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. పొద్దున్నించి సాయంత్రం దాకా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి చూపు పరీక్షించడమే ఆమె పని. టీ వేడిగా ఉంది. తాగకుండా పట్టుకున్నాడు.

"అది కాదండీ," అని మొదలుపెట్టింది మెకానిక్కు భార్య. "ఆ కొండకి ఇరవై ఏడు మలుపులట. పైన మంచు పడితే ముందు బండి తోక కూడా కనిపించదట."

"మా అన్న కళ్ళు మూసుకుని ఎక్కించేస్తాడే," అన్నాడు మెకానిక్కు.

"మూసుకోకుండా ఎక్కిస్తే ఇంకా సంతోషం."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల చాటున కోడలు మామగారి కుర్చీ దగ్గరకు వంగింది.

"మామయ్యా, సాయంత్రం ఒకసారి షాపుకి రండి. ప్రయాణానికి ముందు కళ్ళు చూస్తాను. పది నిమిషాల పని. మనిద్దరమే."

మనిద్దరమే అంది. ఆయన కోసం తలుపు తెరిచి పట్టుకున్నట్టే అది. బుద్ధున్నవాడైతే తల వంచుకుని లోపలికి వెళ్ళేవాడు.

"నా కళ్ళకేమొచ్చింది?" డ్రైవరు గొంతు ఆయనకే పెద్దగా వినిపించింది. "స్తంభాన్ని గుద్దింది నేనా?"

హాల్లో నవ్వు ఆగిపోయింది. మెకానిక్కు భార్య కప్పులోకి చూసుకుంది. కొడుకు "నాన్నా, పోనీ," అన్నాడు, కానీ ఆ మాటలో కాస్త తృప్తి కూడా ఉంది.

కోడలు నిటారుగా నిలబడింది.

"లేదండీ. మీరు గుద్దారని నేను అన్లేదు."

"షాపు దాకా దేనికి? ఇక్కడే చూడు. అందరి ముందూ చూడు. మీ పిన్నిగారి భయం కూడా తీరుతుంది."

"ఇక్కడే చూడనా?"

"చూడమంటున్నానుగా."

"ఇంకోసారి ఆలోచించుకోండి మామయ్యా."

"ఆలోచించేదేముంది? ఏటా చూపించుకున్నవాణ్ణి."

కోడలు పడగ్గది తలుపు వెనక నుంచి చుట్టిన కాగితం తెచ్చింది. మొన్న శుక్రవారం నుంచి అది అక్కడే నిలబెట్టి ఉంది. హాలుకి ఆ చివర వంటింటి తలుపు. దానికి మేకు. ఆ మేకుకి చార్టు తగిలించింది. మంచినీళ్ళకని లేచిన కండక్టరు వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మెకానిక్కుకీ ఆయన భార్యకీ చార్టు వీపు వెనక ఉంది. వాళ్ళు డ్రైవరు మొహాన్నే చూస్తున్నారు. కొడుకు అట్టపెట్టె అడుగున టేపు అంటిస్తున్నాడు.

డ్రైవరు ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నాడు.

పైన ఒంటరిగా ఒక అక్షరం. ప. అది కనిపించగానే గుండె కుదుటపడింది. ఇది పాత చుట్టమే. డిపోలో ఏటా కళ్ళ పరీక్షకి తగిలించిన చార్టే ఇది. అదే డాక్టరు, అదే గోడ, ముప్పై ఒక్క ఏళ్ళు అవే అక్షరాలు. రెండో వరస కూడా మసకగా కనిపించింది. గ, ర. మూడో వరస నుంచి తెల్లటి పొగ. అక్కడ ఏమీ కనిపించకపోవడం ఆయనకు అలవాటే.

డిపోలో ఆ చార్టుకి ఒక పాట ఉండేది. ప్రతి మాటలో మొదటి అక్షరం చార్టులో అక్షరం. కొత్తగా చేరిన డ్రైవరుకి గేర్ల కంటే ముందు అది నేర్పేవాళ్ళు. డ్రైవరు పెదవులు కదలకుండా దాన్ని లోపల పాడుకున్నాడు.

పాత. గేరు రాదు. లారీ టైరు మారదు. నీళ్ళు వస్తే దారి సాగదు. కండక్టరు చెబితే యముడైనా పక్కకు రావాలి.

"ప," అన్నాడు పైకి. "గ, ర."

"ఊఁ," అంది కోడలు.

"ల, ట, మ."

కోడలు ఊఁ అనలేదు.

"న, వ, ద, స." మధ్యలో కాస్త ఆగాడు. అక్షరాన్ని పోల్చుకుంటున్నట్టు కన్ను చిట్లించాడు. ఆ చిట్లింపు కూడా డిపోలో నేర్చుకున్నదే. "క, చ, య... ప, ర."

"శభాష్!" అంటూ మెకానిక్కు తొడ చరిచాడు. "అడుగు వరస కూడా గడగడా చదివేశాడు. నేనైతే మూడో వరసలో దిగిపోతాను."

"ఇప్పుడు రెండో కన్ను," అంది కోడలు.

రెండో కన్నుతోనూ అవే అక్షరాలు అప్పజెప్పాడు. అప్పజెబుతుంటే ఏమీ సంబంధం లేకుండా భార్య గుర్తొచ్చింది. పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా బోర్డులు పైకి చదివేది. "ముందు మలుపట." "ముందు బడి ఉందట, నెమ్మది." తను కసిరేవాడు. "నోరు మూసుకుని కూర్చో. నాకు కళ్ళు లేవా?" ఆమె పోయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలోనే తనకు బోర్డులు కనిపించడం మానేశాయి. అంతకు ముందు నుంచే కనిపించేవి కావేమో. ఇక ఎవరిని అడగాలి?

"ఎలా ఉన్నాయమ్మా మీ మామగారి కళ్ళు?" అంది మెకానిక్కు భార్య.

కోడలు చార్టు పక్కన నిలబడ్డ కండక్టరు వైపు చూసింది. కండక్టరు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, చార్టు వైపు ఇంకోసారి చూశాడు.

"రైట్," అన్నాడు. "అన్నీ రైట్."

"చెప్పానా!" మెకానిక్కు లేచాడు. "పదరా అబ్బాయ్, ఆ నొక్కు ఏదో చూద్దాం. శుక్రవారం లోపు రేకు సరిచేసి రంగు కొట్టేస్తా. అమ్మాయి చేసిన ఘనకార్యం కొండ దాకా మోసుకెళ్ళడం దేనికి?"

కొడుకు వెంట వెళ్ళాడు. దుప్పట్లు ఎన్ని పడతాయో చూస్తానని మెకానిక్కు భార్య కూడా వెళ్ళింది. హాల్లో ముగ్గురు మిగిలారు.

కోడలు మేకు నుంచి చార్టు తీసింది. చుట్టలేదు. తెచ్చి మామగారి ఒళ్ళో పరిచింది.

డ్రైవరు చెయ్యి దాని మీద పడింది. వేళ్ళకి ఒక అంచు తగిలింది. కాగితం మీద అతికించిన కాగితం అంచు. తల బాగా కిందికి వంచితే అప్పుడు కనిపించింది. పైన ప. దాని కింద గ, ర. దాని కింద తెలుపు. చివరి దాకా తెలుపే.

"రిటైరైన డ్రైవర్ల కోసం మా షాపులో ఇది వేరే ఉంచుతామండి," అంది కోడలు. "అందరూ ఇలాగే చదువుతారు. ఒక్క అక్షరం తప్పు పోకుండా."

ఆయన దాని మీంచి చెయ్యి తీయలేకపోయాడు. కాగితాన్ని కప్పి ఉంచితే జరిగింది జరగనట్టు అవుతుందేమో అన్నట్టు అలాగే ఉంచాడు.

"చూపు తగ్గడం తప్పు కాదు మామయ్యా. శుక్లాలు. తీయించుకుంటే పోతాయి. నేను అందుకు అడగలేదు."

"మరి?"

"నాలుగు రోజులు చూశాను. మీరే చెబుతారని."

అంతే అంది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడం ఆయనకు వచ్చు. బుధవారం ఆ పని చేసి చూపించాడు కదా.

ఆమె వంటింట్లోకి వెళ్ళాక కండక్టరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎంత వరకు కనిపిస్తోందిరా?"

డ్రైవరు ఒళ్ళోని చార్టు అంచు సవరించాడు.

"నా మొహం కనిపిస్తోందా?"

"నీ మొహం చూడక్కర్లేదు. ఎలా ఉంటుందో తెలుసు."

"ఇప్పుడు ఎలా ఉందో తెలీదు నీకు. తెలిస్తే ఆ జోకు వేసేవాడివి కాదు." కండక్టరు కుర్చీ ఇంకాస్త ముందుకి జరిపాడు. "ఆ పాట కట్టింది నేనే కదరా. క్యాంటీన్లో, బల్ల మీద దరువేస్తూ. చివరి వరస నీ కోసమే కట్టాను. కండక్టరు చెబితే యముడైనా పక్కకు రావాలి అని. అప్పుడు నీకు కళ్ళుండేవి. నవ్వులాటకి పాడేవాళ్ళం."

"నువ్వే రైట్ అన్నావుగా ఇందాక."

"అన్నాను. ఇరవై రెండేళ్ళు నీ బస్సులో రైట్ అన్నాను. ఫుట్‌బోర్డు మీద ఎవరైనా ఉన్నారేమో వెనక్కి తొంగి చూసి అన్నాను. చూడకుండా ఒక్కసారి అన్లేదు. ఇవాళ చూశాను. తెల్లకాగితం కళ్ళారా చూసి కూడా రైట్ అన్నాను. సిగ్గు నీ ఒక్కడిదే అనుకోకు."

బయట మెకానిక్కు రేకు మీద వేలి కణుపుతో కొడుతున్న చప్పుడు. ఠక్, ఠక్.

"ఒక్కసారేరా," అన్నాడు డ్రైవరు. గొంతు బాగా తగ్గించాడు. అంత తగ్గించి ఎప్పుడు మాట్లాడాడో ఆయనకే గుర్తులేదు. "కొండకి ఒక్కసారి పోయొద్దాం. పక్కన నువ్వుంటావుగా. మలుపు మలుపుకీ చెబుదువు గాని. దిగి వచ్చాక తాళం వాడి చేతిలో పెట్టేస్తాను. వాళ్ళ ముందు మాత్రం..."

"వాళ్ళ ముందు ఏంటి?"

"ముప్పై ఒక్క ఏళ్ళురా."

"ఆ బండి వెనక సీట్లో నీ కొడుకు కూర్చుంటాడు. స్టెప్నీ పక్కన నీ కోడలు కూర్చుంటుంది. ఆ గడి నేనే గీశాను." కండక్టరు బల్ల మీది అట్టను తీసి రెండుగా మడిచాడు. అట్ట విరిగింది. "ఆ పిల్ల మీద జోకు కూడా నేనే వేశాను. నాతో వేయించావు."

డ్రైవరు అప్పుడు నిజంగానే ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పేవాడో ఎవరికీ తెలియదు. బయట నుంచి మెకానిక్కు కేక వేశాడు.

"అన్నా! ఒకసారి ఇలా రండి, తమాషా చూద్దురు గాని!"

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. డ్రైవరు ముందు, కండక్టరు వెనక. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. మెకానిక్కు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని నొక్కు మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. డిపో వర్క్‌షాపులో ఎన్ని బస్సుల దెబ్బలు చదివాడో లెక్కలేదు. దెబ్బను చూసి బండి ఎటు పోతోందో చెప్పడం ఆయనకు సరదా.

"లోపలికి తిప్పుతుంటే గీసుకుంది అనుకున్నాం కదా? కాదు. ముందుకి పోతూ తగిలితే గీత ముందు నుంచి వెనక్కి పోవాలి. ఇక్కడ చూడండి, మూల దగ్గర లోతుగా ఉంది, ముందుకి వచ్చేకొద్దీ పల్చబడింది. రంగు కూడా ముందుకే జరిగింది. బండి వెనక్కి వస్తూ గుద్దింది ఇది. మా అమ్మాయి మహా గట్టిది, వారం తిరక్కుండానే రివర్సు కూడా వేసేసింది!"

మెకానిక్కు భార్య నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదని గమనించి ఆపేసింది.

కొడుకు చేతిలో అట్టపెట్టె ఉంది. దాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

"రివర్సా?" అన్నాడు.

"రివర్సే. కావాలంటే రాసిస్తా."

"నేను తనకి రివర్సు ఇంకా నేర్పలేదు బాబాయ్."

కొడుకు ముందు భార్య వైపు చూశాడు. ఆమె ఏ సాయమూ చెయ్యలేదు. తర్వాత వాడి తల ఇటు తిరిగింది. మొహం కనిపించే దూరం కాదు. తిరిగిందని మాత్రం తెలిసింది.

"నాన్నా?"

నాలుగు రోజులుగా నోట్లో నానుతున్న మాట నాలుక చివరికి వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆయనకే సిగ్గేసింది. అయినా పెదవులు కదిలాయి.

"పోనీలేరా. నేర్పకపోయినా, పిల్ల సరదాకి ఒకసారి..."

"హోల్డాన్."

కండక్టరు వెనక నుంచి మెల్లగా అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట డ్రైవరు ఎన్నిసార్లు విన్నాడో. ఎవరో దిగబోతున్నారనో, ఎవరో చక్రం కింద ఉన్నారనో. ఎందుకని ఒక్కసారి అడగలేదు. విన్నవెంటనే బండి ఆపేవాడు.

డ్రైవరు కుడికాలు దానంతటదే ముందుకు జరిగి బ్రేకు కోసం వెతికింది.

కింద నేల తగిలింది.